ఆదికి తెచ్చిన చెవిగింజలు

ఖమ్మం గాంధీచౌక్‌లో ఆదివారం పొద్దున పదిన్నరకు ఇసుకేస్తే రాలనంత జనం. చప్పుడు మాత్రం చెప్పుల రాపిడే. కూరగాయలామె పెదవులు కదులుతున్నాయి. ఆమె కేక ఆ బండి ముందునుంచి నడిచేవాళ్ల చెవుల్లో మాత్రమే పడుతుంది. వెనకనుంచి వచ్చే బస్సు హారను కూడా అడ్డమొచ్చినవాడి చెవిలోనే మోగుతుంది. నిశ్శబ్ద చట్టం వచ్చి పందొమ్మిదేళ్లయింది. ప్రతి మూలమీదా ఎవరి మాట ఎవరికో పంచే ఒక మాటకంబం, ప్రతి మనిషి చెవుల్లో అక్కర్లేని చప్పుడును ఆపేసే రెండు చెవిగింజలు. ఒంటి వేడితోనే నడుస్తాయి కాబట్టి నిద్రలో కూడా ఎవరూ తీయరు. వరదొచ్చినా, గ్యాసు లీకైనా కబురు వాటిలోకే వస్తుంది. గింజల్లేని మనిషి ఆ ఊళ్లో బతికున్నట్టే లెక్క కాదు.

మల్సూరు చొక్కా జేబులో, కుంకుమ భరిణెలో, తన భార్య హైమ గింజలు రెండూ ఉన్నాయి. ఆమెకు చెప్పకుండా తెచ్చాడు.

వారానికి ఒక్కసారి, ఆదివారం తలంటుకు మాత్రం హైమ వాటిని తీసి ఆ భరిణెలో పెడుతుంది, నూనె దిగకుండా. మామూలుగా ఆ వేళ మల్సూరు మాంసానికి పోతాడు. ఆమె తలంటుకుని, సాంబ్రాణి పట్టి, జుట్టు ఆరబెట్టుకునేసరికి గంటపైనే పడుతుంది. ఈ లోపల ఇల్లు చేరాలి. ఐదో అంతస్తులో ఆమె ఒక్కతే, చెవుల్లో ఏమీ లేకుండా. ఆ తలపు వచ్చినప్పుడల్లా అడుగు తొందరపడుతోంది.

హైమకు వినికిడి మందగించిందని అతని గట్టి నమ్మకం. ఒకసారి పిలిస్తే పలకదు. రెండోసారి పిలిస్తే తల తిప్పుతుంది. మూడోసారి పిలిస్తే అసలు పలకదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు ఆసుపత్రిలో. అయితే గింజలే చెడిపోయి ఉండాలి. బుధవారం పెళ్లిరోజు. బోరుబండి మీద పాతికేళ్లు, రెండువేల అడుగుల కింద నీళ్ల కోసం రాళ్లు పగలగొట్టినవాడు, పెళ్లానికి ముచ్చటకు ఒక్క వస్తువు కొనిపెట్టిన పాపాన పోలేదు. ఈసారి కొందామనుకున్నాడు.

జహీరా కొట్టు సందు చివర. యాభై దాటిన మనిషి, ముక్కుమీద కళ్లద్దాలు. మల్సూరు భరిణె తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

"ఇట్లాంటివే కొత్తవి కావాలమ్మా. సైజు తెలవదు. ఆదికి తెచ్చా."

"జాకెట్టు కుట్టించేదానికి తెచ్చినట్టు తెచ్చావే అన్నా," అని ఆమె నవ్వింది. "ఆది తెచ్చిన మొగుణ్ని ఇదే చూడటం. ఎంతలో చూపియ్యను?"

"మరీ మీదికి పోవద్దు."

మూడు తట్టలు ముందుకు జరిపింది. మొదటి తట్టలోవాటికి బంగారు అంచు. మల్సూరు వాటివంక చూడనే లేదు. మిగిలినవాటిలో ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

"వంగి ఊడిస్తే జారిపోతయా?"

"తొడుగు మెత్తనిదన్నా. చెవికి ఎట్లా కావాలంటే అట్లా ఒదుగుతది."

"ఆమె మిరప యార్డులో తాలుకాయ ఏరుద్ది. కారం దుమ్ము. జల్లెడ మూసుకపోతది, చెవి మండుద్ది."

"అయితే ఇవి తీసుకో." వేపగింజంత ఉన్న నల్లటి జత ఎత్తి చూపింది. "జల్లెడ ఊడదీసి కడుక్కోవచ్చు. సోకు లేదు, పనికొస్తయి. ఉండు, ఆది చూస్తా."

హైమ గింజలను కొలతపీట మీద ఉంచింది. పీట అద్దం వెలిగింది. జహీరా కాసేపు చదివి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఇవి చెడిపోలేదన్నా. జల్లెడ తళతళలాడతంది. మీ ఆడామె మంచిగ చూసుకుంది."

"మరి వినపడదేంది?"

ఆమె మళ్లీ అద్దంలోకి చూసింది. "నీ పేరేంది?"

"మల్సూరు."

జహీరా చెయ్యి అద్దాన్ని ఆర్పేయబోయింది. మల్సూరు బల్లమీదుగా వంగి ఆ చెయ్యి పక్కకు నెట్టాడు. ఏడో తరగతితో బడి మానినవాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చెవికి చేరేది: మిక్సీ, సగం. కారం మర, మూడో వంతు. కింది ఇంటి కుక్క, నాలుగో వంతు. అన్నిటికన్నా అడుగున: మల్సూరు, భర్త, పదో వంతు. పక్కన మొదలైన తేదీ. నాలుగేళ్ల కిందటి మార్చి నెల.

"ఏందిది?"

"ఊరట అంటరు దాన్ని." జహీరా గొంతు తగ్గించింది. "గింజ చెవిలో కూచుని నాడి లెక్కపెడతది. ఏ చప్పుడుకు గుండె అదిరితే ఆ చప్పుడును రోజింత తగ్గించుకుంట పోతది. మరల్లో చేసేవాళ్ల కోసం పెట్టిన్రు. ఇది మర, ఇది మనిషి అని దానికేం తెలుసు?"

"ఆమే పెట్టుకుంది."

"ఎవరూ పెట్టరన్నా. అడగకుండా అదే చేస్తది. చానామందికి తెలవను కూడా తెలవదు."

"చెప్పంది అదెట్లా చేస్తది? మొగుడి గొంతు నొక్కేసి నాలుగేళ్లు నా ముందర తిరిగిందన్నమాట."

"కోపం చెయ్యకు, విను. నువ్వు గట్టిగ పిలుస్తవు, అది తగ్గిస్తది. వినపడక ఆమె పలకదు. నువ్వింకా గట్టిగ పిలుస్తవు, అదింకా తగ్గిస్తది. ఇద్దరి తప్పూ కాదు."

ఆమె చివరి మాట మల్సూరుకు ఎక్కలేదు. ఇంటి అద్దె, గింజలు, గింజలకు తొడుగులు, అన్నీ తన రెక్కలమీదే. ఆ తెచ్చిన వస్తువే తన నోరు కట్టేసింది.

"కొత్తవాటిలోకి ఈ పట్టిక ఎక్కియ్యాల్నా, ఖాళీగ ఇయ్యాల్నా?" అని జహీరా అడిగింది.

"ఖాళీగానే ఇయ్యి."

"మొదట్లో అన్నీ ఒక్కసారి మీద పడతయి. వారం పది రోజులు కష్టమైతది ఆమెకు."

"కానీ. విననీ."

"పాతవి మార్పిడికిస్తే ధర తగ్గుద్ది. కానీ ఇక్కడే తుడిచేస్త. ఇంక అందులో ఉన్నది మళ్ల రాదు. ఇంటికి పోయి ఆమెను ఒకమాట అడిగి..."

"తుడిచెయ్యమన్నా గదా."

ఆమె అతని మొహంలోకి చూసి, గింజలను పీట పక్కనున్న గుంటలో వేసి మూత పెట్టింది. పట్టిక అడుగునుంచి పైకి, ఒక్కో వరసా చెరిగిపోయింది. అన్నిటికన్నా ముందు పోయింది అతని పేరే.

దారి పొడుగునా మల్సూరు మాటలు కూర్చుకున్నాడు. ఏమే, నా గొంతు నీకు కారం మర కన్నా కానిదైందా. ఇయ్యాళ్టినుంచి వింటావు. పొల్లు పోకుండా వింటావు. ఒక్కో మాటా నోట్లో తిప్పి తిప్పి పదును పెట్టుకున్నాడు. లిఫ్టులో ఎదురు ఫ్లాటామె అతని మొహం చూసి రెండో అంతస్తులోనే దిగిపోయింది.

తలుపు తీసేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. హైమ కిటికీ దగ్గర పీట మీద కూచుని, జుట్టు ఒక పక్కకు వేసుకుని చిక్కు తీసుకుంటోంది. అతన్ని చూడగానే ఊపిరి వదిలింది.

"నువ్వు తీసుకపోయావా? గింజలు కనపడక ఇల్లంతా వెతికా. పప్పు డబ్బాలు కూడా కుమ్మరించా. ఏందయ్యా, చెప్పొద్దా?"

అతను నోరు తెరవకముందే చేతిలో డబ్బా చూసింది. చూసి, దువ్వెన పట్టుకున్న చెయ్యి అలాగే నిలిపేసింది.

"నాకా? బుధవారానికా?" డబ్బా తెరిచి వేపగింజల్లాంటివాటిని అరచేతిలో దొర్లించుకుంది. "ఇరవై రెండేళ్లలో నువ్వు నాకోసం తెచ్చింది మాంసం ఒక్కటే. అది కూడా సగం నీకే." నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగింది. "నీకో మాట చెప్పాలయ్యా. చానా రోజులనుంచి అనుకుంటన్నా."

మల్సూరు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాలుగేళ్ల కింద, మార్చిలో, మా అక్క దగ్గరికి మణుగూరు పోదామని సంచి సర్దుకున్నా. బియ్యం డబ్బా వెనక దాచా. మళ్లీ వచ్చేదాన్ని కాదు. నువ్వు కొట్టింది లేదు, తిట్టింది కూడా తక్కువే. ఆ గొంతు. నీళ్లు అడిగినా నా ఒళ్లు జలదరించేది. మిరప సీజను, కూలి పోతదని ఇంకో నాలుగు రోజులు ఆగా. ఆ నాలుగు రోజుల్లో నువ్వే నెమ్మదించావు. రోజింత రోజింత. ఎవరు చెప్పారో, నీకు నువ్వే తెలుసుకున్నావో. మొహం కోపంగానే ఉండేది, మాట మటుకు ఎక్కడో దూరంనుంచి మెత్తగా వచ్చేది. ఇంత కష్టపడి మారినవాడిని వదిలి పోవడమేందని సంచి విప్పేశా. నీకు చెప్పలేదు. చెప్తే సిగ్గుపడతావని."

జహీరా కొట్టులో గుంట మీద మూత పడిన చప్పుడు మళ్లీ మల్సూరు చెవిలో పడినట్టయింది.

హైమ ఒక గింజ పెట్టుకుంది. తర్వాత రెండోది. తల అటూ ఇటూ ఊపి చూసుకుంది. కింద కుక్క మొరిగింది కాబోలు, నొసలు కొంచెం ముడిచి మళ్లీ సర్దుకుంది.

"బాగా పట్టాయి. ఆదికే తీసుకపోయావు కదూ. ఏదీ, ఏదన్నా మాట్లాడు."

అతను తల ఊపాడు. చెయ్యి ఊపాడు, కాళ్లు కడుక్కుని వస్తానన్నట్టు. ఆమె వదల్లేదు. దువ్వెన ఒళ్లో పెట్టుకుని, కొత్త వస్తువు చూసిన సంబరంతో మొహం పైకెత్తి ఎదురుచూసింది.

మల్సూరు ఊపిరి లోపలికి తీసుకున్నాడు. బోరుబండి కాడ పాతికేళ్లుగా అరిచిన గొంతును, తనకు తెలిసినంతమేరకు, చేతనైనంత కిందికి దించాడు. బతుకులో ఎప్పుడూ హుకుంగా తప్ప అనని మాట ఒకటి ఏరుకున్నాడు.

"హైమా. ఆకలైతంది. అన్నం పెడతావా."

ఆమె భుజాలు ఎగిరిపడ్డాయి. దువ్వెన నేలమీద పడింది. హైమ అతన్ని దాటి, తెరిచి ఉన్న తలుపు వంక చూసింది, అతని వెనకాల ఎవరొచ్చారా అని.