గోటి సందున పుప్పొడి

గుర్వయ్య శవం పొలంలో మోటారు పెట్టె పక్కన బోర్లా పడి ఉంది. తల వెనుక పార దెబ్బ. ఒకటే దెబ్బ.

ఆత్మకూర్ దగ్గరి పల్లె. 2021 సెప్టెంబర్ 14, మంగళవారం.

చావు టైము తేల్చడానికి డాక్టరు అక్కర్లేకపోయింది. గుర్వయ్య భార్యతో ఫోన్లో మాట్లాడుతుండగా ఒక కేక. కాల్ కట్. సమయం పొద్దున 9.12.

11.40కి స్టేషన్‌లో ఎస్సై సమీరా ముందు ఒక పిల్ల నిలబడింది. పేరు శోభ. పదిహేనేళ్లు. గుర్వయ్య పక్క పొలం అంజయ్య కూతురు. తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుంది. వెనకే తండ్రి అంజయ్య, తల్లి నిర్మలమ్మ, అన్న శ్రీశైలం.

"గుర్వయ్యను నేనే కొట్టిన మేడం. చెయ్యి పట్టుకున్నడు."

సమీరా లోపలికెళ్లి యూనిఫాం మార్చుకుని సివిల్ డ్రెస్‌లో వచ్చింది. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఖాకీ ఉండకూడదని చట్టం. నిర్మలమ్మను పక్కన కూర్చోబెట్టి, మగవాళ్లిద్దరినీ బయటికి పంపింది.

"ఎన్ని గంటలకు?"

"తొమ్మిదింటికి."

"రోజూ ఏం పనికి పోతవ్?"

"సీడు పత్తి చేన్ల క్రాసింగ్‌కు."

"ఇయ్యాల పోయినవా?"

"పోలే."

"పార ఎట్ల పట్టుకున్నవ్?"

శోభ తల్లి వైపు చూసింది.

"రెండు చేతులతోని," అంది నిర్మలమ్మ.

"నిన్ను అడగలేదమ్మా."

బయట అంజయ్య కానిస్టేబుల్ దశరథాన్ని పట్టుకున్నాడు.

"ఎన్ని దినాలకు ఇడుస్తరు సారూ? పిల్లది మైనరు గద."

కూతురు మనిషిని చంపానని ఒప్పుకున్నాక కన్నతండ్రి అడిగిన మొదటి మాట అది.

ఎవరు నూరిపోశారో గానీ అంజయ్యకు చట్టం బాగానే తెలుసు. పదహారు నిండని పిల్ల హత్య చేసినా పెద్దల మాదిరి విచారించరు. మహా అయితే మూడేళ్లు హోంలో ఉంచుతారు. పదహారు దాటి పద్దెనిమిది నిండకపోతే, జువెనైల్ బోర్డు పరీక్షించి పెద్దల మాదిరి విచారణకు పంపొచ్చు. పద్దెనిమిది నిండితే జైలే.

సమీరా శోభ చేతులు చూసింది. బొటనవేలి గోరు పొడుగ్గా ఉంది. గోటి సందున పచ్చగా ఏదో.

"పసుపు మేడం. తానం జేసింది గద," అన్నాడు దశరథం.

పసుపైతే గోరంతా అంటుతుంది. ఇది సందులో మాత్రమే, పిండిలా ఉంది. చిన్నప్పుడు బడి సెలవుల్లో సమీరా కూడా పత్తి మొగ్గలకు పుప్పొడి రాసే క్రాసింగ్‌కు పోయిన మనిషే.

1.30కి సీడు చేనులో దిగింది. అక్కడ మేస్త్రీ సైదమ్మ.

"శోభ సాలు ఏది?"

సైదమ్మ చూపించింది. సగం సాలు వరకు మొగ్గలకు దారాలు కట్టి ఉన్నాయి. మిగతా సగం ఎండకు వాడిపోయింది.

"పొద్దున ఎనిమిదికే వచ్చింది మేడం. పది గొట్టంగ అన్న బండి మీద వచ్చి తోలుకపోయిండు. అమ్మకు పానం బాగలేదన్నడు."

నాలుగింటికి స్టేషన్‌లో నలుగురినీ కూర్చోబెట్టింది.

"నిన్న సాయంత్రం ఒలిచిన మొగ్గకు ఈ పొద్దున మగ పువ్వు రాస్తరు. రాసినదానికి దారం కడతరు. మగ పువ్వు ఎనిమిదికి గాని విచ్చుకోదు. సగం సాలుకు రెండు గంటలు పడతది. మీరు పిల్ల ఒళ్లంత కడిగిండ్రు. గోరు మరిచిండ్రు. 9.12కు శోభ చేన్ల ఉన్నది. మరి పార ఎవరి చేతుల ఉన్నది?"

శ్రీశైలం చొక్కా మీద చెయ్యి వేసి తడుముకున్నాడు. గుమ్మడికాయ దొంగ సామెత ఊరికే పుట్టలేదు.

"ఆ చొక్కా గాదు. మీ ఇంటెనక బకెట్ల నానబెట్టింది. దశరథం తెచ్చిండు. సబ్బుకు రక్తం పోలే."

"నీళ్ల కాడ మాటామాట అనుకున్నం," అన్నాడు శ్రీశైలం.

"వయసు?"

"పందొమ్మిది మేడం," అన్నాడు అంజయ్య. "పూనా పనికి పోయినప్పుడు పుట్టిండు. గందుకే పిల్లదాన్ని చెప్పమన్నం. వానికి జైలు పడ్తదని."

పూనాలో పుట్టినట్టు కాగితం లేదు. ఉన్నదల్లా బడి సర్టిఫికెట్. గురుకులం సీటుకు వయసు దాటిందని అప్పట్లో హెడ్మాస్టర్‌ను బతిమాలి రెండేళ్లు తగ్గించి రాయించారు. వేలిముద్ర వేసిన అంజయ్య ఆ సంగతే మరిచాడు. చట్టం మొదట చూసేది బడి కాగితాన్నే. దాని ప్రకారం శ్రీశైలానికి పదిహేడేళ్ల మూడు నెలలని సమీరా చెప్పింది.

"అంటే మావోడు గూడ మైనరేనా?"

అడుగుతూనే నిర్మలమ్మ ముఖం వెలిగింది. కూతుర్ని ఊరికే బలి పెట్టామే అన్న బాధ ఆ ముఖంలో ఎంత వెతికినా దొరకలేదు. సమీరాకు ఒళ్లు మండింది.

మహబూబ్‌నగర్‌లో బోర్డు బడి కాగితాన్నే నమ్మింది. శ్రీశైలం పిల్లవాడే. పిల్లలకు బెయిలు తొందరగా వస్తుంది. నలభై రోజులకు ఇల్లు చేరాడు. పెద్దల మాదిరి విచారణకు పంపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

శోభను నేరం చేసిన పిల్లల జాబితాలోంచి తీసేసి, రక్షణ కావలసిన పిల్లల జాబితాలో రాశారు. కంచే చేను మేసిన ఇంటికి పిల్లను పంపం అంది సంక్షేమ కమిటీ. పద్దెనిమిది నిండేదాకా బాలసదన్. అలా పంపమని రిపోర్టు రాసింది సమీరాయే. రాసినందుకు ఆమెకు ఇప్పటికీ నిద్ర పట్టదు. చంపినవాడు తల్లి చేతి అన్నం తింటున్నాడు. చంపనిది హోంలో ఉంది.

డిసెంబరులో ఒక ఆదివారం సమీరా బాలసదన్‌కు వెళ్లింది. శోభ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పొద్దుగాల అమ్మ వచ్చింది మేడం. ఇన్ని దినాలకు."

"ఏమన్నది?"

"అన్న కేసు పెద్ద కోర్టుకు పోతదంట. నేనే కొట్టిన అని బోర్డుకు మల్ల రాసియ్యాల్నంట. రాస్తే ఇంటికి తోలుకపోతదంట."

"అబద్ధం శోభా. రాసినా నిన్ను పంపరు."

"ఎర్కనే మేడం."

శోభ నోట్‌బుక్ తెరిచి పెన్ను సమీరా చేతికిచ్చింది.

"నాకు మంచిగ రాయరాదు. జర మీరే రాసియ్యుండ్రి. రాయకపోతే అమ్మ మల్ల రానన్నది."