పాత ఎక్స్‌రే గది దగ్గర కీచుమన్నదెవరు?

హన్మకొండలో ఒక దవాఖాన. పేరు చెప్పను, చెబితే నా మీదికే వస్తారు. అక్కడ ల్యాబుకు పోయే దారిలో తాళం వేసిన పాత ఎక్స్‌రే గది ఉంది. రాత్రి ఒంటరిగా ఆ గది దాటితే వెనక నుంచి ఎవరో పలకరిస్తారట. పగలంతా రోగుల మీద గుడ్లురిమే ధైర్యవంతులు కూడా రాత్రి ఆ దారిలో చేతులు పట్టుకుని పోతారు... బడిపిల్లల్లాగా!

ఆ రాత్రి సిస్టర్ యమున ఒక్కతే పోవాల్సి వచ్చింది. చేతిలో చిన్న గొట్టం, అందులో దూదిపుల్ల, దానికి వార్డులో ఉన్న మొగిలమ్మ కాలి వేలి పుండు చీము. ఏ క్రిమి పట్టిందో ల్యాబు చెబితేనే సరైన మందు. రెండుసార్లు "శాంపిల్ పనికిరాదు" అని వాపస్ వచ్చింది. ఇదీ పోతే ఇక ఆగేది లేదు, కాలి వేలు తీసేస్తానన్నాడు డాక్టరు.

గది దాటింది.

కీచ్... కీచ్...

ఆగింది. అదీ ఆగింది.

నడిచింది — కీచ్... కీచ్...

"ఎ... ఎవరు?"

చీకట్లోంచి గుసగుస. "కడుగలే..."

యమున గొట్టం గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది.

"కడుగకుండనే... తీసినవ్..."

తెల్లటి ముసుగు. పక్కన సన్నగా, పొడుగ్గా, తల దగ్గర ఏదో ఊగుతూ ఇంకో ఆకారం! దెయ్యమో కాదో పాదాలు చెబుతాయనేది వాళ్ళ నాయనమ్మ. ఫోన్ టార్చి కిందికి తిప్పింది.

ఒక పాదం ముందుకే ఉంది. రెండోది... తెల్లటి ముద్ద. ఊడిపోతున్న కట్టు, వంకర ముడి, అడ్డదిడ్డంగా ప్లాస్టరు — ఆ కట్టు తను కట్టిందే!

"మొగిలవ్వా! దుప్పటి కప్పుకొని, ఈ కీచుమనే సెలైన్ స్టాండు గుంజుకుంట ఎక్కడికే? నా పానం పోయేదుండె!"

"నీ పానం సంగతి తర్వాత. నా వేలు సంగతేంది బిడ్డా? కట్టు ఇప్పినవ్, పైన చీముకే పుల్ల అద్దినవ్, ఉరికినవ్. ఎనుమాముల మార్కెట్ యార్డుల ముప్పై ఏండ్లు మిర్చి ఏరిన. పైపైన చూసి ఎవడన్న సరుకు కొంటడా? బస్తా లోపలికి చెయ్యి పెట్టి తీస్తరు శాంపిలు!"

యమున చదివిన పుస్తకంలో ఉన్నదీ అదే మరి. సెలైన్‌తో కడుగు, చీము పోనియ్యి, కింద ఎర్రటి కండ మీద పుల్ల నొక్కి తిప్పు. పరీక్షలో రాసి మార్కులు కొట్టేసింది, పుండు దగ్గరికొచ్చేసరికి మరిచింది.

ఆ గొట్టం పారేసింది. వార్డులో మొగిలమ్మే టార్చి పట్టింది.

"ఇంక జర నొక్కు. నొస్తే నొయ్యనియ్యి."

ఈసారి రిపోర్టు సరిగ్గా వచ్చింది. మందు పడింది. మొగిలమ్మ పది వేళ్ళతో ఇల్లు చేరింది.

మొన్న రాత్రి కొత్తగా చేరిన సిస్టర్ వినోద, ఇదేమీ తెలియక, ఎవరిదో పుండు మీద పుల్ల పైపైన అద్ది ఆ గది దాటుతోంది.

కీచ్... కీచ్...

వెనక్కి చూసింది. మనిషన్నవారు లేరు.

సెలైన్ స్టాండు ఒక్కటే... మెల్లగా దొర్లుకుంటూ వస్తోంది, "కడుగలే..." అని గుసగుసలాడుతూ.

"కడుగుత! కడుగుతనే తల్లీ!"