గలగలమన్న కవుల పెట్టె

ఆ పొద్దున అరబ్బు దేశంలో, జాబ్రియా అనే పేటలోని ఒక ఇంట్లోంచి నలుగురు ఇంగ్లీషు కవులు మాయమయ్యారు. నలుగురూ పోయి ఏనాడో అయింది కాబట్టి, వాళ్ళంతట వాళ్ళు నడిచెళ్ళే అవకాశం లేదు. ఎవరో ఎత్తుకెళ్ళారన్నమాటే.

పోయినవి వాళ్ళ గుర్తులు. ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల కట్ట, ఒక పైపు, ఒక రేకు పొగాకు డబ్బా, ఇత్తడి లాకెట్లో ఒకాయన బంగారు రంగు వెంట్రుకలు. నలుగురిదీ ఒకే జట్టు, మిగిలింది ఒకరి జుట్టు. ఆ జట్టులో ఒకాయన మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఈ తీరానికొచ్చాడు. ముత్యాల పడవ నడిపే ఒక పెద్దమనిషికి తన ట్రంకుపెట్టె అప్పజెప్పి, "మళ్ళీ వచ్చి తీసుకుంటా" అన్నాడు. రాలేదు. ఆ పెద్దమనిషి మనవరాలే ఈ ఇంటి యజమానురాలు. పనివాళ్ళకు 'మామా'. ఊళ్ళో మామ ఎదురైతే కొంగు సర్దుకునే రాయచోటి రెడ్డెమ్మకు, ఇక్కడ ఆడమనిషిని మామా అనడం అలవాటు కావడానికి చాలా రోజులే పట్టింది.

రెడ్డెమ్మ ఆ ఇంటి వంటమనిషి. అది తిరగమోత మాత్రమే. అసలు కూర ఏంటంటే, ఆవిడ పేరు లేని ఒక శాఖలో సీక్రెట్ ఏజెంటు. కోడ్‌నేమ్ 'పచ్చిమిర్చి'.

హాల్లో అచ్చాయమ్మ నేల మీద కూలబడి ఏడుస్తోంది. అమలాపురం వైపు మనిషి, ఇల్లు తుడిచేది. ఆవిడ పరుపు కింద కవిగారి పైపు దొరికింది. కవుల సామాను జాబితా రాయడానికి విదేశం నుంచి దిగిన ప్రొఫెసర్ దాన్ని పైకెత్తి చూపిస్తున్నాడు. పైపులో పొగ లేదు గానీ పట్టుకున్నవాడిలో పొగరుంది.

"ఇలాంటి వాళ్ళను ఇంట్లో పెట్టుకుంటే ఇంతే మేడమ్. పంపించేయండి. ఖలాస్."

పోలీసు అధికారి, నమాజు అయ్యాక స్టేషన్‌కు తీసుకెళ్తామన్నాడు.

"వదినా, నాకేం తెలీదమ్మా! ఆ తుక్కు గొట్టం నాకెందుకు? మా ఆయన చుట్ట ముట్టిస్తేనే గుమ్మం అవతలికి తోసేస్తాను కదండీ!"

"ఏడ్చద్దు" అంది రెడ్డెమ్మ. "నిన్ను జీపు ఎక్కనిస్తే నేను రాయచోటి దాన్నే కాదు."

కూరగాయల సంచి పట్టుకుని బయటపడింది.

అబ్బాసియాలో ఒక టైలరింగ్ షాపు. కుట్టుమిషన్ వెనక నాగేంద్రప్రసాద్. శాఖకు చీఫ్, జాకెట్లకు మాస్టర్.

"జాకెట్టు బిగుతా, వదులా?"

"ఊపిరాడితే చాలు."

కోడ్ కలిసింది. షట్టర్ దిగింది. టేపుతో ఆవిడ చెయ్యి కొలుస్తూనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ముఠా పేరు సిరాబుడ్డి. ప్రొఫెసర్ దాని మూత. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్లున్నాయే, వాటిని ఆపేసే కోడ్ ఒక చిప్‌లో ఉంది. జాబితా రాసే వంకతో దాన్ని పొగాకు డబ్బా అడుగున అతికించాడు. కవుల సామాను లండన్ ఎగ్జిబిషన్‌కు సర్కారీ మర్యాదతో పోతుంది, ఎవడూ తెరవడు అని ప్లాన్. కానీ మీ మామా ఏమంది?"

"'ఇది అమానత్. నమ్మి దాచుకోమన్న సొత్తు. ఇచ్చినోడు రాలేదు, ఇంకొకరికి ఇయ్యను' అనింది."

"అందుకే దొంగతనం. చిప్ ఈరోజే దేశం దాటుతుంది. రమణి కబురు పంపింది. ఓడరేవు, కంటైనర్. టీమంతా అక్కడికే."

రమణిని ప్రొఫెసర్ సెక్రటరీగా పెట్టింది మన శాఖే. నల్లద్దాలు, ఎర్రపెదవులు, వీధి మలుపు దాటినా వదలని సెంటు. ఏజెంటే గానీ ఏజు చెప్పదు.

"ఆ రమణి నిన్న వంటింట్లోకొచ్చి అచ్చాయమ్మను అడిగింది సార్. మీవాళ్ళు ఊరికి పెట్టెలు యాడినుంచి పంపిస్తారు, ఎట్ల కడతారు, పైన ఏం రాస్తారు అని. ఆయమ్మకు మన అట్టపెట్టెలతో ఏం పని?"

"రమణి మన మనిషమ్మా."

"మన మనిషయితే మననే అడిగుండేది."

"ఆధారం?"

"లేదు. కడుపులో మంటుండాది."

"మంటకు మజ్జిగ తాగు. నువ్వూ రేవుకే పోవాలి. ఇది ఆర్డర్."

"ఆర్డర్లు జాకెట్లకు తీసుకోండి సార్. నేను మనోళ్ళ పెట్టెలు పోయే సబ్హాన్ గోడౌనుకు పోతాండా."

చీఫ్ అప్పుడే గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాడు కాబట్టి తిట్టలేకపోయాడు. వాటిని ఉమ్మేసి, ఎర్ర సూదుల దిండు ఒకటి విసిరాడు. "నొక్కితే నాకు సిగ్నల్ వస్తుంది!"

ఆవిడ టాక్సీ తలుపు లాగింది. "యల్లా, పద పద! కార్గోకి కార్ గో!"

సబ్హాన్‌లో అబ్దుల్ ఖుద్దూస్ కార్గో గోడౌన్. కప్పు దాకా అట్టపెట్టెలు. అన్నిటికీ పాత దుప్పటి చుట్టి, దబ్బనంతో కుట్టి, తాడు బిగించి, ఆరువైపులా నల్ల మార్కర్‌తో పేరు, ఊరు. రమణి పాఠం బాగానే ఒప్పజెప్పింది. పైకి అన్నీ మనవే. ఏ పేరుతో పంపిందో దేవుడికే ఎరుక. సగం పెట్టెలు అప్పుడే ట్రక్కెక్కేశాయి.

"చిన్నపుల్లయ్యా, పెట్టెలు ఊపు!"

లోడింగ్ చేసే చిన్నపుల్లయ్యది పక్కూరే. "ఊపితే ఏమొస్తాది అక్కా, పూనకమా?"

"చప్పుడు. మనోళ్ళ పెట్టెలో ఎప్పుడన్నా చప్పుడు విన్యావా?"

చిన్నపుల్లయ్య నోరు తెరిచాడు. నిజమే. పాలపొడి డబ్బాల మధ్య సబ్బులు, సబ్బుల సందున తలనొప్పి బాములు, వాటి సందున పిల్లల సాక్సులు, సాక్సుల్లో బాదంపప్పు. ఏండ్ల తరబడి చూడని బిడ్డలకు పంపే పెట్టె అది. వేలు దూరే సందున్నా తల్లి ప్రాణం ఒప్పదు. గాలిని ఎవరు పంపిస్తారు ఊరికి? ఊళ్ళో గాలికేమన్నా కరువా?

ఊపారు. మూగ. ఇంకోటి. మూగ. గోడౌన్‌లోవి అయిపోయాయి. రెడ్డెమ్మ ట్రక్కెక్కింది. ఇంజన్ స్టార్టయింది. చివరి వరస. మూగ, మూగ...

గలగల.

పెట్టెను వాటేసుకుని, కదిలిన ట్రక్కులోంచి కిందికి దూకింది.

"దించు రెడ్డెమ్మా." గుమ్మంలో రమణి. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "బ్రిలియంట్. కానీ లేట్. పనిమనిషి పెట్టెను ఎవరు చూస్తారు చెప్పు? అదే మా బెస్ట్ కవర్."

"పనిమనిషి చూస్తాది."

రెడ్డెమ్మ కొంగు చాటున సూదుల దిండు నొక్కింది. సిగ్నల్ పోలేదు. సూది మాత్రం పోయింది, వేలిలోకి.

"లాస్ట్ వార్నింగ్. పెట్టె ఇటు తన్ను."

"ఇదే కదా నీది?" రెడ్డెమ్మ గలగల పెట్టెను వెనక్కి తన్ని, పక్కనున్న ఇంకో పెట్టెను గుండెలకెత్తుకుంది. "మాది ఎట్లుంటాదో చూడు!"

రమణి కాల్చింది. తూటా దుప్పటి దాటింది, అట్ట దాటింది, పాలపొడి డబ్బా దాటింది, రెండు సబ్బులు కూడా దాటింది. పిల్లల స్వెట్టర్ల దగ్గర అలిసిపోయి ఆగిపోయింది. చిల్లులోంచి తెల్లటి పొడి రాలింది. రమణి మళ్ళీ గురిపెట్టేలోపే పెట్టెల పైనుంచి చిన్నపుల్లయ్య తోసిన రగ్గుల మూట ఆమె నెత్తిన దిగబడింది. నల్లద్దాలు ఒకవైపు, నాలుకమడత ఇంగ్లీషు ఇంకోవైపు ఎగిరిపడ్డాయి.

"ప్యాకింగ్ టేపు తే అబ్బోడా. డబుల్ ఏజెంటు గదా, డబుల్ చుట్టు."

జాబ్రియా ఇంటి ముందు అచ్చాయమ్మ ఒక కాలు జీపు మెట్టు మీద పెట్టింది. అప్పుడే టాక్సీ కీచుమని ఆగింది. రెడ్డెమ్మ చేతుల్లో పెట్టెను చూసి ప్రొఫెసర్ ఎగిరి గంతేశాడు.

"చూశారా! ఇది పనివాళ్ళ పెట్టె! నేను చెప్పలేదూ?"

"పెట్టె మాదే. ప్యాకింగు నీది." రెడ్డెమ్మ వంటింట్లోంచి కత్తిపీట తెప్పించి తాడు కోసి, పొగాకు డబ్బా తీసి అడుగు రేకు ఊడబెరికింది. "నీళ్ళ ప్లాంట్లను ఆపే కోడ్ ఇందులోనే ఉండాది" అంటూ చిప్‌ను అధికారి అరచేతిలో వేసింది. వెనక టాక్సీలోంచి, మమ్మీలా చుట్టేసిన రమణి దిగింది. ఆవిడ వేలు ఒక్కటే బయటుంది. అది ప్రొఫెసర్‌నే చూపిస్తోంది.

మామా మెట్లు దిగొచ్చింది. ముందు అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని జీపు మెట్టు దింపింది. తరువాత ప్రొఫెసర్ వైపు తిరిగింది. "ఇతనికి గ్లాసుడు నీళ్ళివ్వండి. మా నీళ్ళు ఆపాలనుకున్నాడుగా, తాగి వెళ్ళమనండి."

రెడ్డెమ్మ ఫోన్ మోగింది. చీఫ్. "రేవులో ఏమీ లేదమ్మా..."

"తెలుసు సార్. జాకెట్టు ఎప్పుడిస్తారు?"

సాయంత్రం మామా కవుల ట్రంకుపెట్టెను సర్దమంది. డబ్బా, పైపు, లాకెట్టు, ఉత్తరాలు. మూతేసి కదిపితే మళ్ళీ గలగల. రెడ్డెమ్మకు ప్రాణం ఒప్పలేదు. చేతిగుడ్డలు, గంధం సబ్బులు, అచ్చాయమ్మ ఇచ్చిన పిల్లల సాక్సులు సందుసందుకీ కుక్కి మళ్ళీ ఊపింది.

చప్పుడు లేదు. నలుగురు కవులను ఒక్కచోట చేర్చి నోరు మూయించడం ఏ ప్రభుత్వం వల్లా కాలేదు. అది గంధం సబ్బుల వల్ల అయింది.