ఎనభై శాతం తర్వాత

నవంబర్ 17, 2024. ఆదివారం. ఉదయం 11:41.

డిండి మండలం ఎర్రగుంటపల్లి శివారులో, శ్రీశైలం రోడ్డు మీద, గొర్లకాపరి గుర్వయ్యను ఒక కారు ఢీకొట్టింది. గుర్వయ్య రోడ్డు పక్క కాలువలో పడ్డాడు. కారు ఆగలేదు. గుర్వయ్య వయసు అరవై రెండు. దేవరకొండ ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

సమయం ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం జానమ్మ. రోడ్డు పక్క చేనులో పత్తి ఏరుతూ కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. దెబ్బ చప్పుడు విని ఫోన్ పెట్టేసింది. ఆ కాల్ ముగిసింది 11:41కి.

జానమ్మ మూడు సంగతులు చెప్పింది. తెల్ల కారు. ఆకుపచ్చ నంబర్ ప్లేటు. ఇంజన్ శబ్దం లేదు.

"గొర్లు సుత బెదరలే సారూ, గట్ల సప్పుడు లేకుంట వచ్చింది," అని ఎస్సై శివకుమార్‌తో అంది. "గుర్వన్న ఎన్కకు మల్లి చూడనే లేదు."

ఆకుపచ్చ ప్లేటు ఎలక్ట్రిక్ కార్లకే ఉంటుంది. సొంత కారుకు ప్లేటు మీద తెల్ల అక్షరాలు, టాక్సీకి పసుపు అక్షరాలు. చేనులోంచి జానమ్మకు అక్షరాలు కనిపించలేదు.

రోడ్డు మీద జానెడు నల్ల ప్లాస్టిక్ ముక్క దొరికింది. ముందు బంపర్ కింద ఉండే జాలీ ముక్క. అది ఏ మోడల్ కారుదో శివకుమార్ గంటలో కనుక్కున్నాడు.

మన్ననూరు అటవీ చెక్‌పోస్టులో ప్రతి బండి నంబరూ రాస్తారు. ఆదివారం 12 నుంచి 2 గంటల మధ్య ఆ మోడల్ తెల్ల కార్లు రెండు దాటాయి. మొదటిది 12:24కి. రెండోది 12:58కి. ఎర్రగుంటపల్లి నుంచి చెక్‌పోస్టుకు సుమారు నలభై నిమిషాల దారి.

మొదటిది టాక్సీ. డ్రైవర్ పరశురాములు, ఊరు చౌటుప్పల్. శ్రీశైలంలో ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకురావడానికి ఖాళీ బండితో వెళ్తున్నాడు. సాక్షి లేడు. బంపర్ జాలీ ఎడమవైపు విరిగి ఉంది. నెల కింద స్పీడ్ బ్రేకర్ తగిలి విరిగిందని చెప్పాడు. సోమవారం సాయంత్రం 6 గంటలకు అతన్ని చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. కారులో ఉన్న కుటుంబాన్ని ఆర్టీసీ బస్సు ఎక్కించారు.

రెండో కారు విజేందర్‌ది. అతనిదీ చౌటుప్పలే. మందుల ఫ్యాక్టరీలో మేనేజర్. మంగళవారం పొద్దున శివకుమార్ ఇంటికి వెళ్లి కారు చూశాడు. జాలీ చెక్కుచెదరలేదు. పైగా విజేందర్ తన ఫోన్‌లో చార్జింగ్ యాప్ తెరిచి చూపించాడు. ఆదివారం 11:05 నుంచి 11:58 వరకు కల్వకుర్తి దాటాక ఉన్న మల్లప్ప హోటల్ దగ్గర కారుకు చార్జింగ్. హోటల్ నుంచి ఎర్రగుంటపల్లి పద్దెనిమిది కిలోమీటర్లు. 11:41కి కారు హోటల్ దగ్గర ఉంటే గుర్వయ్య దగ్గర ఉండదు.

శివకుమార్ మల్లప్పకు ఫోన్ చేశాడు. విజేందర్ చార్జింగ్ ఎప్పటిదాకా నడిచిందని అడిగాడు. పన్నెండు దాకా నడిచిందని మల్లప్ప చెప్పాడు.

మంగళవారం ఉదయం 10:15. కార్తీక మాసం బందోబస్తు ముగించుకొని సీఐ మంజులత డిండి స్టేషన్‌కు వచ్చింది. ఫైలు సిద్ధంగా ఉంది. సాయంత్రం 6 లోపు పరశురాములును మేజిస్ట్రేట్ ముందు పెట్టి రిమాండ్‌కు పంపాలి.

స్టేషన్ మెట్ల మీద అతని భార్య భాగ్యలక్ష్మి కూర్చుని ఉంది. పొద్దున 7 నుంచి అక్కడే ఉందని సెంట్రీ చెప్పాడు. మంజులత దగ్గరికి రాగానే లేచింది.

"ఆయన దొంగతనంగ ఉరికే మనిషి కాదు మేడం. గుద్దితే ఆగుతడు," అంది. "జైలుకు పోతే బండి గుంజుకపోతరు. లైసెన్స్ పోతది. మాకు ఇంకొక పని రాదు."

మంజులత లోపలికి వెళ్లి ఫైలు చదివింది. చార్జింగ్ కంపెనీ పంపిన రెండు పేజీల ప్రింట్ దగ్గర ఆగింది.

"గీ మధ్యల రెండు నిమిషాలు ఖాళీ ఏంది?"

"కారుకు పెట్టే చార్జింగ్ గన్ లూజై ఆగిందట మేడం," అన్నాడు శివకుమార్. "11:24కి ఆగింది. 11:26కి మళ్ల పెట్టిండు. రోజూ అయ్యే ముచ్చటే అంటున్నరు."

"ఎన్ని యూనిట్లు ఎక్కినయి?"

"మొదట పద్నాలుగు. తర్వాత ఇరవై మూడు. మొత్తం ముప్పై ఏడు. బ్యాటరీ నలభై యూనిట్లది. సరిపోయింది. ఐదు శాతం ఉన్నప్పుడు వచ్చిన అన్నడు, గది కూడ సరిపోయింది."

"బ్యాటరీ శాతం గీ కాగితంల లేదు."

"అడిగిన మేడం. హెడ్డాఫీసు నుంచి రావాలె. రెండు రోజులు పడుతదట."

ప్రింట్‌లో నిమిషానికొక లైను ఉంది. ప్రతి లైను చివర కరెంటు ఎక్కే స్పీడ్. 44, 44, 43, 43. రెండో పేజీ చివరి వరకు 43. శివకుమార్ యూనిట్లు కూడాడు. సమయం చూశాడు. స్పీడ్ కాలమ్ కింద పెన్ను గుర్తు లేదు.

10:50కి మంజులత లాకప్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీది గా మోడలే కదా. నలభై యూనిట్ల బ్యాటరీ?"

"అవును మేడం," అన్నాడు పరశురాములు.

"ఫాస్ట్ చార్జర్ మీద ఎంత స్పీడ్ గుంజుతది?"

"నలభై నాలుగు, నలభై మూడు."

"ఆఖరుదాక?"

"ఆఖరుదాక ఏడ గుంజుతది. ఎనభై శాతం దాటంగనే పడిపోతది. ఇరవైకి వస్తది. తొంభై అయినంక పదికి."

"ఎందుకు?"

పరశురాములు కొంచెం ఆలోచించాడు. "ఆర్టీసీ బస్సు లెక్క మేడం. ఖాళీ ఉంటే అందరు ఉరికి ఎక్కుతరు. నిండినంక ఒక్కొక్కలు జరుగుకుంట ఎక్కాలె. దూరం పొయ్యేటోళ్లు ఎనభైకే గన్ పీకేస్తరు. మిగిలిన ఇరవైకి కూసుంటే అర్ధగంట పోతది."

"ఐదు శాతంతోని వచ్చి, స్పీడ్ పడకుంట ముప్పై ఏడు యూనిట్లు ఎక్కించొచ్చా?"

"నా బండిల అయితే కాదు. ఎవ్వని బండిల కాదు."

మంజులత లేచింది. తర్వాత గుర్తొచ్చినట్టు ఆగి, ఆదివారం ఎర్రగుంటపల్లి దగ్గర ఏం చూశావని అడిగింది. రోడ్డు మీద గొర్లు చెదిరి ఉన్నాయని, హారన్ కొట్టి పక్క నుంచి పోయానని అతను చెప్పాడు. కాలువ వైపు చూడలేదని చెప్పాడు. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాడు.

12:10. మల్లప్ప హోటల్. రెండు గన్‌ల చార్జర్, పని చేసేది ఒకటే. దాని ముందు మూడు కార్లు వరుసలో ఉన్నాయి. సీసీ కెమెరా ఉన్నది హోటల్ గల్లా మీద. చార్జర్ దానికి కనిపించదు.

మల్లప్పకు డెబ్భై ఏళ్లుంటాయి. చార్జర్ పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. మంజులతకు చాయ్ తెప్పించాడు. ఆమె తాగుతుండగానే ఒక కారు నిండింది. డ్రైవర్ గన్ తీశాడు. వెనక కారులోంచి ఒకామె దిగి ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరిగింది. ఓటీపీ రావడం లేదంది.

మల్లప్ప స్టూలు మీది నుంచి లేవకుండానే ముందు కారు డ్రైవర్‌ను పిలిచాడు. "ఓ అన్నా, జర పోకు. నీ ఫోన్‌తోని గీ చెల్లెకు స్కాన్ చేసి పో."

అతను స్కాన్ చేశాడు. ఆమె కారుకు కరెంటు ఎక్కడం మొదలైంది. చార్జర్ స్క్రీన్ మీద అతని పేరు వచ్చింది. అతను కారెక్కి వెళ్లిపోయాడు.

మంజులత చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"గిట్ల రోజూ చేస్తరా?"

"చెయ్యకపోతే ఎట్ల నడుస్తది మేడం. ఈడ అన్ని ఫోన్లకు సిగ్నల్ రాదు. ఉన్నోడు లేనోనికి స్కాన్ చేస్తడు. తర్వాత ఆళ్లు ఆళ్లు చూసుకుంటరు."

"ఆదివారం విజేందర్ చార్జింగ్ పన్నెండు దాకా నడిచింది అన్నవు."

"నడిచింది. డబ్బా మీద ఆయన పేరే ఉండె."

"ఆయన కారు ఉండెనా?"

మల్లప్ప ఆమె వైపు చూశాడు. "ఎస్సై సారు కారు ముచ్చట అడగలే. చార్జింగ్ ముచ్చట అడిగిండు."

"ఇప్పుడు నేను అడుగుతున్న."

"కారు ముందే పాయె. ఎనభై కూడ కానియ్యలే. దర్శనం టైం అయితాందని పీకేసిండు. ఎన్క అచ్చంపేట టీచరమ్మ ఉండె. ఆమెకు స్కాన్ చేసి పోయిండు."

12:40కి మంజులత విజేందర్‌కు ఫోన్ చేసింది. వాంగ్మూలం మీద సంతకం కావాలి, 3:30కి హోటల్ దగ్గరికి రమ్మంది. తప్పకుండా వస్తానని అతను చెప్పాడు. తర్వాత శివకుమార్‌కు ఫోన్ చేసి, చౌటుప్పల్ వెళ్లి ఆ మోడల్ బంపర్లు బిగించే మెకానిక్ షెడ్లన్నీ వెతకమంది.

1:35. అచ్చంపేట. శ్రీదేవి ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్. కారు కొని నెల అయిందని చెప్పింది. కారు తన చార్జింగ్ వివరాలు తనే దాచుకుంటుంది. స్క్రీన్ తెరిచి చూపించింది. నవంబర్ 17. మొదలు 11:26. ముగింపు 11:58. ముప్పై శాతం నుంచి ఎనభై ఏడు. అంటే ఎనభై దాటిన తర్వాత కూడా 43 స్పీడ్. మంజులత అక్కడే ఆగి అడిగింది. తన బ్యాటరీ నలభైది కాదని, అరవై అని శ్రీదేవి చెప్పింది.

"అరవైల ఇరవై మూడు యూనిట్లంటే ముప్పై ఎనిమిది శాతమే కదా టీచర్. మీకు యాభై ఏడు పెరిగింది."

శ్రీదేవి మళ్లీ స్క్రీన్ చూసింది. "సారీ మేడం. ఎనభై ఏడు ఇంటికాడ చేసింది, కింది లైన్. ఇది అరవై ఎనిమిది." వేలితో లైను చూపించింది. మంజులత మూడుసార్లు చదివింది. ముప్పై నుంచి అరవై ఎనిమిది. స్పీడ్ పడే అవసరం రాలేదు.

"ఆయనకు మీరేమన్న ఇచ్చిన్రా?"

"ఇస్త అంటే తీసుకోలే. పర్వాలేదు మేడం, దేవుని దారిల పోతున్నం అన్నడు. మంచిగ మాట్లాడిండు." ఆమె కారు స్క్రీన్ ఆపేసింది. "నేను పన్నెండున్నర అట్ల ఎర్రగుంటపల్లి దాటిన. జనం ఉండిరి. ఆయన అప్పటికే దాటిపోయి ఉంటడు అనుకున్న."

3:35. హోటల్ ఆవరణ. చార్జర్ దగ్గర మల్లప్ప, శ్రీదేవి, విజేందర్. జీపు వెనక సీటులో కానిస్టేబుల్ పక్కన పరశురాములు. విజేందర్ టీచర్‌ను చూశాడు. నమస్కారం పెట్టలేదు.

"ఆదివారం ఇక్కడి నుంచి ఎన్నింటికి బయలుదేరారు?" అని మంజులత అడిగింది.

"పన్నెండుకు. ఎస్సై గారికి చెప్పిన కదా."

"ఎంత శాతంతో వచ్చారు?"

"ఐదు."

"ఎంత అయ్యాక వెళ్లారు?"

"తొంభై ఏడు, తొంభై ఎనిమిది."

ఆమె ప్రింట్ అతని చేతికిచ్చింది. రెండో పేజీ చివరి ఎనిమిది లైన్లు చదవమంది. అతను చదివాడు. 43. 43. 43.

"మీ కారు నాలుగేళ్ల నుంచి మీ దగ్గర ఉంది. తొంభై దాటాక ఎంత స్పీడ్ వస్తుంది?"

విజేందర్ కాగితం మొదటి పేజీకి తిప్పాడు.

"పదికి రావాలి. ఈ కాగితంలో ఒక్కసారి కూడా పడలేదు. ఒక్క బ్యాటరీ ఇట్ల తాగదు. ఇవి రెండు బ్యాటరీలు. 11:24 వరకు మీది. ఆ తర్వాత టీచర్‌ది. కంపెనీ మీ ఫోన్‌ను రాసింది. మల్లప్ప మీ పేరు చెప్పిండు. మావాళ్లు దాన్ని మీ కారు అనుకున్నరు."

"నేను అబద్ధం తయారు చెయ్యలే," అన్నాడు విజేందర్. "ఆమెకు సాయం చేసిన."

"చేసిన్రు. 11:27కి ఇక్కడి నుంచి పోయిన్రు. పద్నాలుగు నిమిషాల్ల పద్దెనిమిది కిలోమీటర్లు."

3:48కి ఆమె ఫోన్ మోగింది. శివకుమార్. చౌటుప్పల్‌లో రెండో షెడ్డులో మెకానిక్ ఒప్పుకున్నాడు. సోమవారం రాగానే విజేందర్ కొత్త జాలీ వేయించుకున్నాడు. పాతది తుక్కులో ఉంది. ఎడమవైపు జానెడు ముక్క లేదు. శివకుమార్ ఫోటో పంపాడు. మంజులత ఫోన్ తిప్పి విజేందర్‌కు చూపించింది.

అతను ఫోటో పెద్దది చేసి చూశాడు.

"రెండు గంటలకు దర్శనం టికెట్ ఉండె," అన్నాడు. "అద్దంల చూసిన. ఆయన లేస్తడు అనుకున్న. డిండి కాడ బండి కడుక్కొని అర్ధగంట కూసున్న. మళ్ల పోదాం అనుకున్న. పోలే."

"దర్శనం అయిందా?"

"టైం దాటింది. లోపలికి రానియ్యలే."

జీపులోంచి పరశురాములు ఇదంతా విన్నాడు.

5:35కి డిండి స్టేషన్‌లో పరశురాములును వదిలేశారు. కారు తాళం చేతికిచ్చారు. భాగ్యలక్ష్మి మెట్ల మీది నుంచి లేచి ముందు సీటులో కూర్చుంది. కారులో తొమ్మిది శాతం చార్జింగ్ ఉంది. పని చేసే ఫాస్ట్ చార్జర్ ముప్పై ఒక్క కిలోమీటర్ల దూరం. అంత దూరం వెళ్లదని పరశురాములు చెప్పాడు.

సెంట్రీ వరండాలోని కూలర్ ప్లగ్గు తీసి చోటిచ్చాడు. పరశురాములు కారు డిక్కీలోంచి వైరు తెచ్చి పెట్టాడు.

5:52కి కారు స్క్రీన్ మీద వచ్చింది. స్పీడ్ 3. పూర్తి కావడానికి 12 గంటల 10 నిమిషాలు.