తాడు వదిలిన విధవ

"ఏజెంట్ ఎఫ్రెయిన్, మీసం తీసెయ్," అన్నాడు మేజర్ ఓర్డోన్యెస్. "ఈ సాయంత్రం నువ్వు విధవవి."

ఈక్వడార్‌లోని గ్వయాకిల్‌లో డిసెంబరు ముప్పై ఒకటిన అది వింత మాటేం కాదు. మగవాళ్ళు నల్లగౌన్లు తొడుక్కుని, పోతున్న పాత ఏడాదికి పెళ్ళాలమంటూ వీధికి అడ్డంగా తాడు పట్టి ఏడుస్తారు. చిల్లర పడందే ఏ కారునూ కదలనివ్వరు.

"ముఠా దగ్గరొక సినిమా ఉంది. ఈ అర్ధరాత్రి రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోయి, విమానాలు కూలి, జనం కకావికలైపోయే సినిమా. దాన్ని కత్తిరించి వార్తల్లా తయారుచేశారు. ఏడింటికి టీవీలో వేస్తారు. మార్చిలో బ్యాంకులు మూసిన దెబ్బకి జనం ఇంకా తేరుకోలేదయ్యా. ఇది చూశారంటే, పండక్కి నది ఒడ్డున చేరిన జనంలో తొక్కిసలాటే. ఆ సందట్లో వాళ్ళు అక్కడి బ్యాంకు ఖజానా ఊడుస్తారు."

"క్యాసెట్ ఎక్కడుంది సార్?"

"కారెక్కేదాకా హిమేనాకే తెలీదు. అది నీ చేతికందాక కూడా తాడు దించకు, కారు కదలకూడదు. మిగతా విధవలూ మనవాళ్ళే, చుట్టుముడతారు."

హిమేనా ముఠాలో ఉన్న మన మనిషి. నాయకుడు గ్రెంజర్ పక్కన పట్టుగౌనులో నవ్వుతూ ఏడాదిగా కత్తిమీద సాము చేస్తోంది. ఎఫ్రెయిన్‌కి కాబోయే భార్య. ఈ రాత్రి పన్నెండు కొట్టగానే ఇద్దరూ కలిసి, కొత్త ఏడాది కలిసిరావాలని అక్కడందరూ తినే పన్నెండు ద్రాక్షపళ్ళు తినాలని అనుకున్నారు.

ఏడు కావస్తుండగా టీవీ స్టూడియో వీధిలోకి నల్లకారు వచ్చింది. తాడు లేచింది.

"మా ఆయన పోయాడమ్మా!" ఎఫ్రెయిన్ ఒక చేత్తో తాడు పట్టుకునే కిటికీ మీద పడి గుండెలు బాదుకున్నాడు.

"ఏం జబ్బే?" అంది లోపల్నించి హిమేనా.

"కంప్యూటర్ జబ్బమ్మా!"

అదే కోడ్. హిమేనా పకపకా నవ్వింది. "గడ్డం నున్నగా గీసుకోవడం కూడా రాదా నీకు? ఇంద!" చిల్లరతోపాటు క్యాసెట్ కూడా అతని శాలువలోకి జారింది.

చిల్లర గలగలమంది. ఎఫ్రెయిన్ చెయ్యి తాడు వదిలేసింది. చిల్లర పడితే తాడు దించడం చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. బుర్ర వద్దని అరిచేసరికే కారు దాటిపోయింది.

మలుపులో గ్రెంజర్ క్యాసెట్ ఉండాల్సిన సంచి తడుముకున్నాడు. టపాకాయల మోతలో ఒక మోత వేరుగా వినిపించింది. తలుపు తెరిచి హిమేనాని రోడ్డుమీదికి తోసేశాడు. స్టూడియో గేటు దగ్గర మిగతా విధవలు అతన్ని పట్టుకున్నారు. టీవీలో ఏడింటికి మామూలు వార్తలే వచ్చాయి.

"క్యాసెట్?" అంది హిమేనా, పరుగెత్తుకొచ్చిన ఎఫ్రెయిన్ ఒళ్ళో.

"నా దగ్గరే ఉంది. తాడు నేనే వదిలేశానే... నా చేతులు విరగ!"

"చిల్లర వేశాగా, వదలవూ మరి!" నవ్వబోయింది. "నా ద్రాక్షపళ్ళు కూడా నువ్వే తినెయ్."

అంతే. ఎఫ్రెయిన్ విగ్గు ఊడిపోయేలా ఏడ్చాడు. చుట్టూ మూగిన జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటూ వంగి అతని ఒళ్ళో నాణెం వేసింది.

"ఇంత బాగా ఏడ్చిన విధవని ఏ ఏడాదీ చూడలేదు నాయనా."

అర్ధరాత్రి దాటింది. ఊళ్ళో కంప్యూటర్లన్నీ భేషుగ్గా పనిచేశాయి.