అద్దె కారు ఓనరుగారు

పళ్ళ డాక్టరు క్లినిక్ మూసేసి వేరే ఊరు వెళ్ళిపోవడంతో రిసెప్షన్‌లో ఆమె ఉద్యోగం పోయింది. మళ్ళీ ఇంకొకరి బల్ల వెనక కూర్చుని, నవ్వు ముఖం పెట్టుకుని "కాసేపు ఆగండి" అనడం ఇక తన వల్ల కాదనుకుంది. బావ సరదాగా నేర్పిన డ్రైవింగ్ చేతిలో ఉంది. లైసెన్స్ ఉంది. కారే లేదు. యాప్‌లో డ్రైవరుగా చేరడానికి కారు అద్దెకి దొరుకుతుందని ఎవరో చెబితే, అక్క వద్దు వద్దంటున్నా వినకుండా టైర్ల దుకాణం వెనకున్న యార్డుకి వెళ్ళింది.

అక్కడ నాలుగు కార్లు, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో టేబులు, టేబులు వెనక ఓనరు. ఏ పెద్దాయనో ఉంటాడనుకుంటే, తన కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడంతే. షరతులన్నీ ఓపిగ్గా చెప్పాడు. వారం వారం అద్దె, పెట్రోలు ఆమెది, సర్వీసింగు అతనిది. కారు చుట్టూ తిరిగి ఫోనులో ఫోటోలు తీసి, ముందునుంచీ ఉన్న గీతలేవో కూడా చూపించాడు. అంతా బాగానే ఉంది. కానీ ఆమెకిచ్చే తెల్ల కారుకి అడ్డంగా ఇంకో కారు నిలబడి ఉంది.

"మేస్త్రీ వచ్చి తీస్తాడండి," అన్నాడు.

మెకానిక్‌ని అక్కడ అందరూ మేస్త్రీ అంటారు. టీ తాగొస్తానని వెళ్ళిన ఆ మనిషి, టీ తోటలు చూడ్డానికి వెళ్ళినట్టు ఎంతకీ రాలేదు. మీరే కొంచెం వెనక్కి తీయొచ్చు కదా అని ఆమె రెండుసార్లు అడిగింది. అతను వినపడనట్టు కాగితాలు సర్దుకున్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఆడపిల్లకి కారివ్వడం ఇష్టం లేక ఇలా సాగదీస్తున్నాడని తేల్చుకుంది. ఆ అడ్డుగా ఉన్న కారు తాళం అడిగి తీసుకుని, తనే ఎక్కి, గోడకీ స్తంభానికీ మధ్య ఉన్న కాస్త సందులోంచి దాన్ని వెనక్కి నడిపి పక్కన పెట్టింది. దిగి చూస్తే అతను నోరు వెళ్ళబెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు ఇస్తారా, ఇంకా మేస్త్రీ రావాలా?"

"ఇస్తానండి," అన్నాడతను. ఆ చూపులో ఉన్నది వెటకారమేనని ఆమె నమ్మింది.

పని ఆమె అనుకున్నదానికంటే కష్టంగానూ, భయపడినదానికంటే తేలికగానూ ఉంది. మ్యాపు ఒక దారి చూపిస్తే వెనక సీట్లోవాళ్ళు ఇంకో దారి చెప్పేవారు. కొందరు ఎక్కగానే "డ్రైవర్ ఎక్కడ?" అనేవారు. నడుము నొప్పి పుట్టేది. అయినా సాయంత్రం ఇంటికి వస్తుంటే తన రోజు తన చేతిలో ఉన్నట్టుండేది.

వారానికోసారి కారు చూపించడానికి యార్డుకి వెళ్ళాలి. అతను టైర్లలో గాలి చూసేవాడు, బానెట్ ఎత్తి ఆయిల్ చూసేవాడు, ఇంజను చప్పుడు విని బెల్టు వదులైందని చెప్పేవాడు. కానీ స్టీరింగ్ దగ్గర మాత్రం కూర్చునేవాడు కాదు. కారు అంగుళం కదపాలన్నా మేస్త్రీయే కదపాలి. ఆమె అతనికి మహారాజుగారని పేరు పెట్టింది. ఆ పేరు చెప్పి అక్కని నవ్వించేది. ఈ మధ్య మహారాజుగారి కబుర్లు ఎక్కువయ్యాయని అక్క అంటే ముఖం పక్కకి తిప్పుకునేది.

వాన పడిన రోజున ఆ పేరు పోయింది.

పొద్దుటినుంచీ జల్లుగా ఉన్నది మధ్యాహ్నానికి కుంభవృష్టి అయింది. పాసింజరుని దింపిన చోటే కారు మొరాయించింది. స్టార్ట్ కావడం లేదని ఓనరుకి ఫోన్ చేస్తే, బ్యాటరీ పోయుంటుంది, మేస్త్రీ సెలవులో ఉన్నాడు, నేనే వస్తానన్నాడు. వచ్చాడు, బస్సులో. పసిపిల్లని ఎత్తుకున్నట్టు కొత్త బ్యాటరీని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. ఆమె గొడుగు పట్టింది. అతను పాతది విప్పి కొత్తది బిగించాడు. గొడుగు ఇద్దరికీ చాలలేదు. ఆమె భుజం తడవకుండా అతను కొంచెం జరిగాడు, అతని వీపు తడవకుండా ఆమె కొంచెం జరిగింది. చివరికి తడిసినవాళ్ళు ఇద్దరూ, పొడిగా మిగిలింది బ్యాటరీ.

ఆమెకి అప్పటికే చలి పుట్టి పళ్ళు కొట్టుకుంటున్నాయి. చేతులు వణుకుతున్నాయి, కాస్త మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటానంది. అతను గొడుగు తీసుకున్నాడు.

"మీరు కాసేపు ఆగి నెమ్మదిగా రండి. నేను బస్సులో వెళ్ళిపోతాను."

ఆమెకి చివుక్కుమంది. "నా పక్కన కూర్చుంటే మీ హోదా తగ్గిపోతుందా?"

అతను ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి, "నాకు డ్రైవింగ్ రాదండి," అన్నాడు.

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. అతనూ నవ్వాడు. కారులో కూర్చుని, అద్దాలకి ఆవిరి పట్టేవరకూ, తన సంగతంతా చెప్పాడు. వాళ్ళ నాన్న జన్మంతా ఊళ్ళోవాళ్ళ కార్లు నడిపాడు. వేళకి తిండి లేదు, నిద్ర లేదు. నడుం పోయింది. ఆ కష్టంతోనే ఒక్కొక్కటిగా ఈ కార్లు కొన్నాడు. కొడుకుని మాత్రం స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు, కుర్చీలో కూర్చునే పనే చేయాలన్నాడు. ఆయన జబ్బుచేసి పోయాక అమ్మ ఆ మాటని అలాగే పట్టుకుంది. కార్లు మిగిలాయి, కుర్చీ మిగిలింది.

"నేర్చుకోవాలని ఉందా?" అని ఆమె అడిగింది.

"మీరు ఆ రోజు ఆ సందులోంచి కారు తీశారు చూడండి, అప్పట్నుంచీ ఉంది."

అతను లెర్నింగ్ లైసెన్స్ తీసుకున్నాడు. గోడౌన్ల వెనకున్న ఖాళీ స్థలంలో, పొద్దున్నే, ఆమె డ్యూటీకి వెళ్ళే ముందు నేర్చుకునేవాడు. ఇంజను గురించి అన్నీ తెలిసిన మనిషి, క్లచ్ దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడైపోయేవాడు. నేర్పలేక ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది. "మెల్లగా వదలండి ఓనరుగారూ, కాలికింద తేలు ఉన్నట్టు ఎత్తేయకండి" అనేది. అతను బుద్ధిగా "సరే టీచరుగారూ" అని మళ్ళీ అలాగే ఎత్తేసేవాడు. అద్దంలో వెనక చూడమంటే ఆమె వైపు చూసేవాడు. ఆమె చూడనట్టే ఊరుకునేది.

ఒకరోజు యార్డులో అతను కారుని మొదటిసారి తనంతట తాను వెనక్కి నడిపి వరసలో పెట్టాడు. ఆనందంగా దిగేసరికి షెడ్డు దగ్గర వాళ్ళమ్మ నిలబడి ఉంది.

ఆవిడ కేకలు వేయలేదు. ఆమెని పక్కకి పిలిచి, ఈ వారం పూర్తవగానే కారు అప్పగించేయమంది. "నీ మీద కోపం కాదమ్మా. వాళ్ళ నాన్న ఒక్కటే అడిగాడు నన్ను. అదొక్కటీ నిలబెట్టలేకపోతే ఎలా?"

ఆమె వారాంతం దాకా ఆగకుండా అప్పుడే తాళం ఇచ్చేసి బస్సెక్కింది. ఇంకో యార్డుకి వెళితే కార్లు ఖాళీ లేవన్నారు. ఇంకోచోట తెలిసినవాళ్ళ పూచీ కావాలన్నారు. వాటికంటే ఎక్కువ బాధ పెట్టింది ఫోను. అది మోగలేదు. మనిషి అమ్మ చాటు బిడ్డేనని కోపం తెచ్చుకోబోయింది, సరిగ్గా రాలేదు. అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే అక్క ఇంకో చెంచా నెయ్యి వేసింది, అదే పెద్ద ఓదార్పు.

ఆ ఆదివారం తెల్ల కారొకటి వాళ్ళింటి ముందు ఆగింది. ఒక కుదుపు, ఇంకో కుదుపు, అప్పుడు ఆగింది. స్టీరింగ్ దగ్గర అతను. పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని, రెండు చేతులతో బ్యాగు గట్టిగా పట్టుకుని వాళ్ళమ్మ.

ఆవిడ లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి, జరిగింది చెప్పింది. కొడుకు ఇంట్లో గొడవ చేయలేదు. టెస్టుకి వెళ్ళి పాసై వచ్చి, ఒక్కసారి ఎక్కమ్మా, నీకు భయమేస్తే దిగిపోతాను, మళ్ళీ ముట్టుకోనన్నాడు. ఎక్కింది. ఊరంతా తిప్పాడు.

"అన్నేళ్ళు ఎవరెవరినో తిప్పాడమ్మా ఆయన. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పడానికి ఆయనకి తీరికే దొరకలేదు," అంది ఆవిడ. "ఆయన వద్దన్నది ఆ బతుకుని. కారుని కాదు. నేనే రెండూ కలిపేసుకున్నాను. రేపట్నుంచి కారు తీసుకో."

తర్వాత అక్క వైపు తిరిగి, మీతో కొంచెం మాట్లాడాలి, ఈ పిల్లకి పెద్దవాళ్ళు మీరేనా అని అడిగింది. కొడుకుని పెట్రోలు కొట్టించుకు రమ్మంది. దారి తెలియదేమో, నువ్వూ వెళ్ళమ్మా అని ఆమెనీ పంపింది.

ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఇన్ని రోజులూ ఒక్క ఫోనైనా చేయలేదేమని అడిగింది. లైసెన్స్ లేకుండా మీ ముందుకి రాకూడదనుకున్నానన్నాడు. అలిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. అతను రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"నాకు మీరంటే ఇష్టమండి. కారు అద్దె సంగతి వేరు. మీరు కాదన్నా కారు మీ దగ్గరే ఉంటుంది. ఇది వేరే."

ఆమె జవాబు చెప్పేలోగా పచ్చ లైటు పడింది. అతను కంగారుగా క్లచ్ వదిలేశాడు. కారు ఎగిరిపడి ఆగిపోయింది. వెనకున్నవాళ్ళంతా హారన్లు అందుకున్నారు.

"మీ అమ్మగారు ఈపాటికి అక్కని అడిగేసి ఉంటారు," అందామె. "అక్క నన్ను అడుగుతుంది. నేను సరేనంటాను. ముందు ఫస్ట్ గేరు వేయండి."

అతను మూడోది వేశాడు. కారు మళ్ళీ ఆగిపోయింది. ఆమె నవ్వుతూ గేరు మీదున్న అతని చేతిమీద తన చెయ్యి వేసి, నెమ్మదిగా ఫస్ట్‌లోకి తెచ్చింది.