ఈస్టు గది

భవానీపూర్‌లోని ఆ పరిశోధనాలయంలో మూడో అంతస్తు తూర్పు గదికి మంచి పేరు లేదు. ఎప్పుడో ఒక ముసలి కెమిస్టు అందులోనే పోయాడట. కరెంటు పోతే చాలు... లోపల గుసగుసలు, ఠక్కుమని ఏదో కొట్టిన చప్పుడు. చచ్చినా యూనియన్ సభ్యత్వం వదులుకోలేదు గనక ఆయన్ని ఖాళీ చేయించే దమ్ము ఎవరికీ లేదని చెప్పుకునేవాళ్ళు.

టికియాపారా రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే రీసెర్చి అమ్మాయి విజయ కుమారికి దెయ్యాలంటే లెక్కలేదు. ఆమె బెంగంతా రెండు ప్రోటీన్ల మీదే. వాటికి జత కుదురుతుందో లేదో ఈస్టు కణాల్లో పెట్టి చూస్తోంది. ఒకటి ఎర, ఇంకోటి వేట. రెండూ చేతులు కలిపితేనే ప్లేటులో ఈస్టు చుక్కలు నీలమౌతాయి. ఎర ఒంటరిగా ఉన్న ప్లేటు మాత్రం తెల్లగానే ఉండాలి. అదీ నీలమైందా... జత కుదిరిందన్న రుజువు పోయినట్టే, థీసిస్ గంగపాలే.

ఆవేళ ఫలితం తేలే రోజు. మర్నాడు బంద్. చూస్తే ఆ సాయంత్రమే చూడాలి. తీరా ఈస్టు పెంచే గదిలో ప్లేట్లే లేవు!

"గురవయ్య బాబాయ్, నా ప్లేట్లేవి?"

అటెండరు గురవయ్యది శ్రీకాకుళం. "ఏటమ్మా, ఈస్టు రూములో ఎట్టమన్నావు కదా? తూర్పు గది పెట్టిలో ఎట్టీసినాను. ఎచ్చగానే ఉంటాదిలే."

"అయ్యో! ఈస్టంటే పిండి పులిసే ఈస్టు!"

"రెండూ ఒక్కలాగే పలికితే నానేటి సేత్తాను తల్లీ?"

అప్పుడే కరెంటు పోయింది.

"తోడు రా బాబాయ్..."

"నానా? పిల్లలు గలవోణ్ని!"

ఒక్కతే వెళ్ళింది. చీకటి వరండా... తలుపు సందులో సన్నటి వెలుతురు... గుసగుస... ఠక్!

"యేసయ్యా..." అనుకుని తలుపు తోసింది.

కొవ్వొత్తి. క్యారమ్ బోర్డు. అటు డైరెక్టరు, ఇటు యూనియన్ సెక్రటరీ. పొద్దున్నే గేటు దగ్గర ఒకరి మీద ఒకరు గొంతు చించుకున్న మనుషులే!

"కావుకే బోల్‌బే నా!" బెంగాలీ డైరెక్టరు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దట. జనం ఇటు రాకుండా ఆ ముసలి కెమిస్టుని పుట్టించిందీ, చంపిందీ తామేనని సెక్రటరీ సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

నవ్వాపుకుంటూ విజయ కుమారి ప్లేట్లు తీసి కొవ్వొత్తి దగ్గర పెట్టింది. జోడీ ప్లేటు — నీలం! గంతెయ్యబోయింది. రెండోది తిప్పింది...

అదీ నీలమే.

"ఇందులో ఎర ఒక్కటే ఉంది సార్..." ఆమె ప్లేటుని కొవ్వొత్తికి ఇంకా దగ్గరగా పట్టుకుంది. "మరి... ఎవరితో కలిసింది?"

డైరెక్టరు వంగి చూశాడు. సెక్రటరీ వంగి చూశాడు. యాజమాన్యం, యూనియన్ మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డాయి —

"ఆ దెయ్యం మాత్రం మాది కాదమ్మా."